పోటు గీత

జూన్ 3, 2007, ఆదివారం

బావ పడవ ఎక్కుతాడట.

జూన్ 4, సోమవారం

నిన్న అంతకు మించి చెయ్యి ఆడలేదు.

చర్చి నుంచి వస్తూ రాజగోపాల్ గారింట్లో ఆగాం. ఆయన బావ ఆఫీసులో పెద్దాయన. అరవైకి దగ్గర పడ్డారు. అమెరికా వచ్చిన పాతికేళ్ళుగా ఇక్కడి సరస్సుల్లో చేపలు పడుతున్నారు. పట్టినదాన్ని పట్టినట్టే నీళ్ళలోకి వదిలేస్తారు, ఆయన భార్య హైమ గారు ఇంట్లోకి రానివ్వరు కాబట్టి. ఈ వేసవిలో పడవను ట్రైలర్ మీద పెట్టి, దాన్ని పెద్ద ఓడలోకి ఎక్కించి అలాస్కా తీసుకెళ్తారట. ఓడలో రెండు రాత్రులు. అక్కడి ఊరి నుంచి మళ్ళీ సగం రోజు సొంత పడవలో. అక్కడ దారి లేదు, ఇల్లు లేదు, దుకాణం లేదు, సెల్‌ఫోన్ పనిచేయదు. పది రోజులకు తిండి, నీళ్ళు, గుడారం, పెట్రోలు అన్నీ తామే మోసుకెళ్ళాలి. ఆయన, ఆఫీసులో కుర్రాడు గౌరీశంకర్, బావ. ముగ్గురే.

“పది రోజులు ఎవరి హెల్పూ అడక్కుండా బతకాలి. అదండీ కిక్కు,” అన్నాడు గౌరీశంకర్.

“నీకు నూడుల్స్ చేసుకోవడం రాదు. నీకెందుకయ్యా కిక్కు,” అన్నారు హైమ గారు.

“మనకేం భయం. అబ్రహాం ఉన్నాడుగా,” అన్నారు రాజగోపాల్ గారు. “నాది చెరువు చదువు. అతను సముద్రం ఒడ్డున పుట్టినవాడు. అతనే కెప్టెన్.”

బావ నవ్వాడు. కాదనలేదు.

బావ పుట్టింది సముద్రం ఒడ్డునే. కానీ ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. ఆ గదిలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

జూన్ 6, బుధవారం

బావకు ఆరేళ్ళప్పుడు మావయ్య చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. లంగరు వేస్తుంటే పడవలో పడి ఉన్న మిగులు తాడు కాలికి చుట్టుకుని లాక్కుపోయింది. పక్కన మా నాన్నే ఉన్నాడు. ఆ తరువాత అత్త బావను మిషన్ హాస్టల్లో వేసింది, సెలవులకు కూడా మా జాలరి పేటకు రానివ్వలేదు. మా పెళ్ళినాడు అత్త నా చెయ్యి బైబిలు మీద పెట్టించి ఒకటే మాట అడిగింది. నా కొడుకును ఉప్పునీటి దగ్గరికి పోనివ్వనని చెప్పమంది. చెప్పాను.

పోనివ్వను అన్నాను. పోతానంటే ఏం చేయాలో ఆవిడ చెప్పలేదు.

జూన్ 10, ఆదివారం

అత్త ఫోన్ చేసింది. “ఏటి సేస్తన్నాడే నా కొడుకు?”

“ఆఫీసు పని ఎక్కువగా ఉందత్తా.”

అబద్ధం కాదు. ఆఫీసు పని ఎక్కువగానే ఉంది.

జూన్ 13, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా బావ వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“మణీ, లంగరు ముడి ఎలాగేస్తారే?”

ఊరి యాస వచ్చిందంటే బావకు భయంగా ఉన్నట్టు.

“వెళ్ళనని చెప్పేయి బావా.”

“హాస్టల్లో నా పక్కన ఎవడూ పడుకునేవాడు కాదు, చేపల కంపని. ఇరవై ఏళ్ళు ఏ ఊరని అడిగితే మాట తప్పించాను. మొదటిసారి ఒకాయన, సముద్రం మనిషివి, నువ్వుంటే ధైర్యం అన్నాడు. ఇప్పుడెళ్ళి ఏమని చెప్పమంటావు?”

నేను పాత లుంగీ గుడ్డ చింపి తాడులా పేని, గరిటెకు ముడి వేసి చూపించాను. నేను ఏడో తరగతి వరకే చదివాను. ఈ దేశంలో నేను ఒకరికి నేర్పగలిగేది ఉంటుందని అనుకోలేదు.

నాన్నకు మగపిల్లలు లేరు. పన్నెండేళ్ళ వరకు నన్నే పడవలో తీసుకెళ్ళేవాడు. పేటలో నవ్వేవాళ్ళు. నాన్న వినేవాడు కాదు.

జూన్ 21, గురువారం

రోజూ అదే. ముడి, గాలి, అల ఎటు తిరిగితే పడవ ముక్కు ఎటు తిప్పాలి. మంచాన్ని పడవ అనుకోమన్నాను. బావ చీపురును తెడ్డులా పట్టుకుని నిలబడితే నవ్వొచ్చింది. చాలా రోజులకు ఇద్దరం నవ్వాం.

పగలు వంట. ఎక్కువ నీళ్ళు పట్టనివి, చెడనివి, బరువు లేనివి. ఉప్మా రవ్వ పోపుతో సహా వేయించి సంచుల్లో కట్టాను. పులిహోర పులుసు దగ్గరగా ఉడికించాను. కందిపొడి, అటుకులు, చల్ల మిరపకాయలు. రాజగోపాల్ గారికి విడిగా, ఉల్లి లేకుండా.

నడుము లాగేస్తోంది.

జూన్ 24, ఆదివారం

ఎండు రొయ్యలు వేయించి పొడి చేశాను. బాల్కనీ తలుపు తీసినా అపార్ట్‌మెంట్ అంతా వాసన. రాజగోపాల్ గారు ఫోన్ చేసి, “అమ్మా, అది మాత్రం వద్దమ్మా. అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయి. మీ రొయ్యల పొడికి కొండ దిగి వస్తాయి,” అన్నారు.

“వస్తే ముందు గౌరీశంకర్‌ని చూపిద్దాం సార్,” అన్నాడు బావ.

పొడి సీసాలో పోసి దాచుకున్నాను. మూడు గంటల పని. నేనే తింటానులే.

అత్త ఫోన్. ఆఫీసు పని అన్నాను.

జూన్ 30, శనివారం

అలసిపోయాను. రాయడానికేం లేదు.

జూలై 7, శనివారం

రాజగోపాల్ గారి ఇంటి ముందు పడవ చూశాను. తెల్లటి రేకు పడవ. చిన్నది. మంచిదే.

ఆయన ఒక సన్నని పుస్తకం బావకు ఇవ్వబోయారు. నిండా అంకెలే. “టైడ్ టేబుల్స్ ఇవి. అక్కడి ఆటుపోట్లు నాకు అర్థం కావయ్యా, చెరువుకు పోటేముంటుంది. నువ్వు చూసుకో.”

“అవి పుస్తకంలో చూసేవి కావు సార్. నెత్తి మీద చంద్రుణ్ణి చూస్తే తెలుస్తాయి,” అన్నాడు బావ.

అది నా మాట. పోయిన వారం మంచం మీద కూర్చుని నేనే చెప్పాను. ఆయన మెచ్చుకోలుగా తలూపి పుస్తకాన్ని వంటింటి సొరుగులో వేశారు. నాకు లోపల సంతోషంగా అనిపించింది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

శాటిలైట్ ఫోన్ అద్దెకు తీసుకుందామని హైమ గారు అన్నారు. అలాగైతే ఇంటి వెనకే గుడారం వేసుకుంటే సరిపోతుందని గౌరీశంకర్ అన్నాడు. పడవలో వైర్‌లెస్ ఉంది కానీ అది కొండలు దాటదట.

జూలై 8, ఆదివారం

లంగరు తాడు రెండు వందల అడుగులు కొన్నారు. పడవలో కాళ్ళ దగ్గర అంతా అదే, కుప్పగా. ఇంటికి వచ్చి బావతో చెప్పాను. గుండె లోతు నీళ్ళలో లంగరు వేస్తారు, నడిచి దిగుతారు, నడిచి ఎక్కుతారు. దానికి ఏడు నిలువుల తాడు, అంటే నలభై అడుగులు, చాలు. మావయ్య పోయిన తరువాత నాన్న పడవలో మిగులు తాడు ఒక్క బార కూడా ఉంచలేదు. పడవను మింగేది సముద్రం కాదు, మిగులు తాడు అనేవాడు.

“మా నాన్న పోయింది దానివల్లేగా,” అన్నాడు బావ.

జూలై 9, సోమవారం

బావ తాడు కోసేశాడు. నలభై అడుగులు పడవలో ఉంది. మిగిలినది ఇంటికి తెచ్చాడు.

“సార్ ఏమన్నారు?”

“సముద్రం విషయంలో నీ మాటే ఫైనల్ అన్నారు.”

నాన్న చెప్పినదేదీ ఇంతవరకు తప్పు కాలేదు.

జూలై 15, ఆదివారం

రవ్వ ఎనిమిది సంచులు. అటుకులు ఆరు. నీళ్ళ డబ్బాలు పన్నెండు. మందులు, అగ్గిపెట్టెలు మైనం పూసి. చిన్న రేడియోను రెండు కవర్లలో చుట్టి రవ్వ డబ్బాలో పెట్టాను. నాన్న కూడా ట్రాన్సిస్టర్‌ను అలాగే చుట్టేవాడు. చీకటి పడే ముందు వాతావరణం వార్తలు వినకుండా ఒక్కరోజు కూడా ఉండనని బావతో మూడుసార్లు చెప్పించాను.

అత్త ఫోన్ చేస్తే తీయలేదు. స్నానంలో ఉన్నానని తరువాత చెప్పవచ్చు.

జూలై 20, శుక్రవారం

వెళ్ళారు.

జూలై 22, ఆదివారం

అక్కడి ఊరు చేరామని బావ ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే పడవ దింపుతారట. “భయపడకు. నువ్వు చెప్పినట్టే చేస్తాను.” వెనక గౌరీశంకర్, “కెప్టెన్, ఇంకా ఎంతసేపు?” అంటున్నాడు.

అత్తకు ఆఫీసు పనని చెప్పాను. గొంతు బాగోలేదేమని అడిగింది. జలుబన్నాను.

నాకు భయం లేదు.

జూలై 24, మంగళవారం

ఇల్లు ఖాళీగా ఉంది. రెండు రోజులు నిద్రపోయినా నడుము నొప్పి తగ్గలేదు. మిగిలిన తాడును బాల్కనీలో అటూ ఇటూ కట్టి దుప్పట్లు ఆరేశాను. మంచి తాడు. వృథా చేయడం ఎందుకు.

నాకు భయం లేదు.

జూలై 26, గురువారం

ఇదంతా సరిగ్గా రాయాలి.

పొద్దున హైమ గారు వచ్చి, ఒక్కదానివే ఏం చేస్తావని కారులో సముద్రం దగ్గరకు తీసుకెళ్ళారు. రెడ్‌మండ్ వచ్చి ఏడాది అయినా నేను ఉప్పునీళ్ళు చూడలేదు. బావ ఎప్పుడూ సరస్సు దగ్గరకే తీసుకెళ్ళాడు. అత్తకు మాటిచ్చాను కదా, నేనూ అడగలేదు.

పదింటికి వెళ్ళాం. సముద్రం ఎక్కడో దూరంగా ఉంది. రాళ్ళు, నాచు, బురద. కర్రల వంతెన ఒకటి ఉంటే దాని కిందకు నడిచాను. స్తంభాలకు గుల్లలు పట్టి ఉన్నాయి. తలెత్తి చూశాను. నా తలకు పైన, చెయ్యి చాపినా అందనంత పైన కూడా గుల్లలే. గుల్ల పట్టిందంటే రోజూ అంతవరకు నీళ్ళు వస్తున్నట్టే. ఎవరూ చెప్పకపోయినా అది నాకు తెలుసు.

“ఇక్కడ ఏదైనా ఉప్పెన వచ్చిందాండీ?”

“ఉప్పెనేమిటి మణీ. హై టైడ్ వస్తే నువ్వు నిలబడ్డ చోట మునిగిపోతావు. సాయంత్రం దాకా ఉంటే చూస్తావుగా.”

ఉన్నాం. ఆవిడ పుస్తకం చదువుకున్నారు. నేను ఒక రాయిని గుర్తు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నానికి రాయి లేదు. అయిదింటికి నేను పొద్దున నడిచిన చోటు రెండు నిలువుల లోతు.

మా పేటలో అమావాస్యకైనా, పౌర్ణమికైనా నీళ్ళు పెరిగే పోటుకూ, తగ్గే పాటుకూ తేడా నడుము ఎత్తు. అంతే. నాన్న కొలతలన్నీ ఆ నడుము ఎత్తు మీదివే.

నేరుగా వాళ్ళింటికి వెళ్ళి సొరుగులో పుస్తకం తీయించాను. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు. అలాస్కా పేజీ హైమ గారు చూపించారు. ఇక్కడికంటే ఎక్కువ. ఆదివారం పౌర్ణమి, ఆ రోజు అంకె అన్నిటికంటే పెద్దది. పైకీ కిందకీ కలిపి మూడు నిలువులు దాటుతుంది.

గుండె లోతులో లంగరు వేస్తే, పోటుకు నీళ్ళు నాలుగు నిలువులకు చేరతాయి. నలభై అడుగుల తాడు వాలు తగ్గి లంగరును పైకి లాగుతుంది. లంగరు లేచిపోతుంది. పడవ పోతుంది. గుడారం తడి ఇసుకకు ఇరవై అడుగుల ఎడంగా వేస్తే చాలన్నది కూడా నేనే.

ఇంటికి వచ్చేసరికి దుప్పట్లు ఆ తాడు మీదే ఉన్నాయి.

జూలై 27, శుక్రవారం

హైమ గారితో అంతా చెప్పేశాను. బావ పడవ ఎక్కలేదని తప్ప.

ఆవిడ పొద్దుటి నుంచి ఫోన్లు చేశారు. సముద్రం మీద కాపలా వాళ్ళు మర్యాదగానే మాట్లాడారట. తిరిగి వచ్చే తేదీ దాటలేదు, ఎక్కడ దిగారో సరిగ్గా తెలియదు, వాళ్ళ వైర్‌లెస్ పలకడం లేదు. ఆ దారిన ఎవరైనా వెళ్తే చెప్తామన్నారు. ఆ ఊళ్ళో ఎరలు అమ్మే దుకాణం ఆవిడ మాత్రం ఒక దారి చెప్పింది. ఊరి రేడియోలో రోజూ సాయంత్రం వాతావరణం తరువాత, అడవుల్లో, పడవల మీద ఉన్నవాళ్ళకు ఇంటివాళ్ళు పంపిన కబుర్లు చదువుతారట. ఫలానావాడా నీకు కొడుకు పుట్టాడు, ఫలానావాడా వచ్చేటప్పుడు పిండి తీసుకురా, అలాగ.

“నేను చెప్తాను, ఏం చెప్పాలో చెప్పు,” అన్నారు హైమ గారు. రాసుకున్నారు. “తాడు పొడవుగా కట్టండి, హైమ.”

నేను ఆలోచించాను. రాజగోపాల్ గారు అది విని బావ వైపు చూస్తారు. బావ ఏమంటాడు? సముద్రం మాకు తెలుసు సార్ అంటాడు. ఎందుకంటే నేను చెప్పాను కదా. నా మాట తప్పని నేనంటేనే బావ నమ్ముతాడు. కానీ వినేది బావ ఒక్కడే కాదు.

“నేనే మాట్లాడతానండీ,” అన్నాను.

హైమ గారు నన్ను వింతగా చూశారు. చర్చిలో ఒక వాక్యం చదవమంటే వణికిపోయే మనిషిని నేను. రేడియో ఆవిడ, మీ భాషలోనే చెప్పమను, అర నిమిషం రికార్డు చేసి వేస్తానన్నదట. ఫోన్ నా చేతికి వచ్చింది. బీప్ మోగింది. ఏం మాట్లాడానో అచ్చంగా రాస్తున్నాను.

“బావా, మణిని. నేను నీకు నేర్పింది మన పేట సముద్రం. అక్కడి పోటు వేరు, మూడు నిలువులు పైన లేస్తుంది. తాడు కోయమని నేను చెప్పింది తప్పు. ఉన్న తాళ్ళన్నీ కలిపి కట్టు. గుడారం చెట్లలోకి మార్చు. ఆదివారం పౌర్ణమి. తప్పు నీది కాదు బావా, నాది.”

ఫోన్ పెట్టేశాక హైమ గారు రాసుకున్న కాగితం మడిచి పక్కన పెట్టారు. తరువాత, “అతనికి నువ్వు నేర్పావా?” అన్నారు.

తల ఊపాను. ఆవిడ టీ పెట్టారు.

జూలై 28, శనివారం

నిన్న సాయంత్రం, ఇవాళ సాయంత్రం వేశారట. విన్నారో లేదో ఎలా తెలుస్తుంది. బ్యాటరీలు కొత్తవే పెట్టాను. పెట్టానా?

పెట్టాను.

జూలై 29, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. అత్త ఫోన్ మోగింది. మోగనిచ్చాను.

సాయంత్రం చెట్ల మీదుగా చంద్రుడు వచ్చాడు. నిండుగా ఉన్నాడు. బాల్కనీ తలుపు వేసేశాను.

జూలై 30, సోమవారం

ఏమీ లేదు.

జూలై 31, మంగళవారం

ఏమీ లేదు. రొయ్యల పొడి అన్నంలో కలుపుకున్నాను. తినలేకపోయాను.

ఆగస్టు 2, గురువారం

ఫోన్ వచ్చింది. ముగ్గురూ ఊరు చేరారు. బావ, “వచ్చాం,” అన్నాడు. అంతే. నేనూ అడగలేదు. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను.

ఆగస్టు 5, ఆదివారం, ఉదయం

నిన్న సాయంత్రం వచ్చారు. రాజగోపాల్ గారు గడ్డంతో లోపలికి రాగానే నాకు రెండు చేతులూ జోడించారు. “నమస్కారం కెప్టెన్ గారూ.”

“మా కెప్టెన్‌కి కెప్టెన్ ఉన్నారని ముందే చెప్పొచ్చు కదండీ,” అన్నాడు గౌరీశంకర్. “గురువారం పొద్దున లేస్తే పడవ రాళ్ళ మీద పక్కకు వాలి ఉంది. గాలికి అన్నాడు ఈయన. మేం నమ్మేశాం.”

జరిగింది గౌరీశంకరే చెప్పాడు. శుక్రవారం వార్తలు వినలేదట. శనివారం రవ్వ ఉడుకుతుంటే రేడియోలో తెలుగు వినపడిందట, ముగ్గురూ గరిటె వదిలేశారట. గుడారం తాళ్ళు, బట్టలు ఆరేసే తాడు, సామాను కట్టిన పట్టీలు అన్నీ ముడివేసి లంగరుకు కట్టారు. ముళ్ళన్నీ బావ వేశాడు. ఒక్కటీ జారలేదు. ఆదివారం నీళ్ళు పాత గుడారం చోటు దాటి, పొయ్యి రాళ్ళు దాటి, చెట్ల వేళ్ళ దాకా వచ్చాయట.

“పొయ్యిలో బూడిద కూడా మిగల్లేదమ్మా,” అన్నారు రాజగోపాల్ గారు, ఈసారి నవ్వకుండా.

బావ బూట్లు విప్పుతూ తల వంచుకునే ఉన్నాడు. వాళ్ళు వెళ్ళాక స్నానం చేసి పడుకున్నాడు. నలుగురిలో నేను బావ మాట తీసేశాను. వేరే దారి ఉందేమోనని రాత్రంతా వెతికాను. దొరకలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

కునుకు తీసి లేచేసరికి బావ బాల్కనీలో ఉన్నాడు. దుప్పట్లు తీసి మడతపెట్టి, తాడు విప్పి చుట్టలు చుడుతున్నాడు. నేను నేర్పినట్టే, కుడి నుంచి ఎడమకు.

“సార్‌కి తిరిగి ఇచ్చేయాలి,” అన్నాడు. కాసేపయ్యాక, “ఆ రోజు నీ గొంతు వణకలేదు తెలుసా,” అన్నాడు.

“వణికింది బావా.”

“నాకు వినపడలేదు.”

అప్పుడే అత్త ఫోన్. నేను తీయబోతే బావ తీశాడు. అటు నుంచి గొంతు నాకూ వినిపిస్తోంది. “ఏటి సేస్తన్నావురా? దాన్ని అడిగితే ఆఫీసు పనంటాది.”

“సముద్రం మీదకెల్లొచ్చానమ్మా. పది రోజులు.”

అత్త ఫోన్ కార్డులో నిమిషాలు పోతున్నాయి. నేను గోడకు ఆనుకున్నాను.

“మణికి తెలుసా?” అంది అత్త చివరకు.

“తెలుసు. తనే నేర్పింది. తనే వెనక్కి తెచ్చింది.”

ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తరువాత మెల్లగా, మావయ్య ఉన్న రోజుల్లో ఒడ్డున నిలబడి అడిగేదని నాన్న చెప్పినట్టే అడిగింది.

“అక్కడ పోటెంతరా?”

బావ నా వైపు చూశాడు. ఫోన్ నా చేతికిచ్చాడు.

“మూడు నిలువులత్తా,” అన్నాను.